నల్లజీడి సిలువ

పలాస,
14 ఆగస్టు 2002.

మరిది బర్నబాకు,

నీ ఉత్తరం అందింది. నిన్ను నీళ్ళ మీద చల్లగా నడిపిస్తున్న దేవుడికి వందనాలు. దొరల దుప్పట్లు ఉతికీ ఉతికీ నీ చేతులు మెత్తబడ్డాయని రాశావు. మా జీడి ఫ్యాక్టరీకి రా, ఒక్క పూటలో బొగ్గులా చేసి పంపిస్తాం. వనజ రెండో తరగతికి వచ్చింది. నోరు మాత్రం పదో తరగతిలో ఉంది.

ఉత్తరం చివర, ఏదో మాటవరసకి అన్నట్టు, వచ్చే నెల మీ ఓడ ఆ దీవిలో ఆగుతుందని రాశావు. మీ అన్నయ్య ఎక్కిన సరుకుల ఓడ మునిగింది ఆ దీవి ఒడ్డునే కదా. మునిగిన ఓడలకి గుర్తుగా అక్కడ రాళ్ళు కట్టారని, మీ ఓడలో షికారుకొచ్చినవాళ్ళని బస్సుల్లో తిప్పి అవన్నీ చూపిస్తారని కూడా రాశావు. చావుని చూడ్డానికి కూడా టిక్కెట్టు కొంటారా? సరే, ఎవరి సరదా వాళ్ళది. నువ్వు మాత్రం తప్పకుండా వెళ్ళు.

మీ అన్నయ్యా, మన ఊరి పోలమ్మ కొడుకు త్రినాథూ కలిసి ఆ ఓడ ఎక్కి మూడేళ్ళయింది. ఎక్కిన ఏడే, క్రిస్మస్ ముందు, ఓడ పోయిందని కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. మొన్న ఈస్టరుకి ఊరు వెళ్ళాం. అందరూ ముందురోజే సమాధులకి సున్నం వేసుకున్నారు. తెల్లవారుజామున ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే, వనజ తన కొవ్వొత్తి పట్టుకుని "మన్ది ఏదమ్మా?" అంది. మీ అమ్మానాన్నలవి చూపించాను. "ఇవి మామ్మవీ తాతవీ. నాన్నది?" అంది. గేటు పక్కన ఖాళీ నేల మీద పెట్టింది. ఎవరిదో కాలు తగిలి ఆరిపోయింది. పునరుత్థాన దినాన అందరూ లేస్తారని పాస్టరుగారు ఓదార్చారు. ఎక్కణ్ణుంచి లేస్తారో తెలిస్తే కదా అక్కడ నిలబడి ఎదురుచూసేది.

నీకు గుర్తుందా, ఓడలో అందరి బట్టలూ ఒకే మరలో వేసి కలిపేస్తారని ఎవరో చెబితే, మీ అన్నయ్య చొక్కాలకి కాలర్ లోపల నల్లజీడి గింజ పొడిచి, ఆ సొనతో చిన్న సిలువ వేశాను. చాకళ్ళు వేసే గుర్తు లాంటిదే. బట్ట చిరగాలి తప్ప గుర్తు పోదు. నీ చొక్కాలకీ వేసే పంపాను. అక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చిన బట్ట ఏదైనా ఎవరైనా దాచారేమో అడుగు. ఏదీ లేకపోతే గుప్పెడు మన్నైనా తీసుకో.

పోలమ్మకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. కొడుకు త్రినాథ్ ఏదో లంకలో బతికే ఉన్నాడని సోది చెప్పే ఆవిడ చెప్పిందట, ఆ మాట పట్టుకుని ఉంది. అమావాస్య అమావాస్యకీ భావనపాడు ఒడ్డుకెళ్ళి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి వస్తుంది. "మావోడు వొచ్చీసరికి నాను బతికుండాలి గదేటే" అని ఆకలి లేకపోయినా రెండు పూటలా తింటుంది.

నీ వదిన,
జ్ఞానసుందరి.


ఓడ మీద నుంచి,
20 సెప్టెంబరు 2002.

వదినకు,

అన్న దొరికాడు.

ముందు ఆ ముక్క రాసేశాను. ఇక నెమ్మదిగా కూర్చుని చదువు.

మా లాండ్రీ ఓడ అడుగున ఉంటుందని నీకు చెప్పానో లేదో. నీటిమట్టానికి కింద అన్నమాట. కిటికీలుండవు. ఇస్త్రీ మర వెనక ఇనప గోడ, గోడకి అవతల సముద్రం. ఆవిరికి ఉడికిపోయినప్పుడు అందరూ వెళ్ళి ఆ గోడకి వీపు ఆనిస్తారు, చల్లగా ఉంటుందని. నేను ఆనించను. అవతల ఉన్నదేమిటో నాకు తెలుసు కాబట్టి.

ఆ రోజు మధ్యాహ్నం వరకు సెలవు దొరికింది. గదులు సర్దే గోవా అతను ఒకడున్నాడు, ఆ దీవి వాళ్ళ భాష కొంచెం తెలుసు. ఇద్దరం బతిమాలుకుని షికారు బస్సులో వెనక సీట్లు సంపాదించాం. మొదట బజారు మధ్యలో ఒక పెద్ద లంగరు చూపించారు. ఎప్పుడో ముత్తాతల కాలంలో మునిగిన ఓడదట. పిల్లలు దాని మీదెక్కి జారుతున్నారు. తర్వాత కొండ మీద తెల్ల స్తంభం, చేపలకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లన్నీ దాని మీద ఉన్నాయి. చూపించేవాడు ఏదో హాస్యమాడితే బస్సంతా నవ్వింది. మూడోది అన్న ఓడది.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి గుట్ట, దాని మీద బిగించిన ఇనప రేకు. రేకు మీద ఓడ పేరుంది, మునిగిన తేదీ ఉంది. మనుషుల పేర్లు లేవు. ఒక ముసలి జంట వచ్చి, తమకి ఫోటో తీయమని కెమెరా నా చేతికిచ్చారు. తీశాను వదినా. వాళ్ళ వెనకాల అన్న ఓడ పేరు. నవ్వమని కూడా చెప్పాను. ఏం చేయను, యూనిఫాంలో ఉన్నాను.

గుట్ట కింద పూలమ్మే ఒక అవ్వని గోవా అతను పలకరించాడు. నా అన్న ఈ ఓడలో ఉన్నాడని చెప్పగానే ఆవిడ పూలబుట్ట అక్కడే వదిలేసి మమ్మల్ని వెనకనున్న చర్చికి తీసుకెళ్ళింది. ఓడ పోయిన మర్నాడు ఒకే ఒక్క శవం ఒడ్డుకొచ్చిందట. దగ్గర కాగితం లేదు. కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. ఒంటిమీది చొక్కా ఉతుకుదామని తీసుకుంటే కాలర్ లోపల సిలువ కనిపించిందట. అయితే మనవాడే అనుకుని చర్చి తోటలో పాతిపెట్టి, తలదగ్గర కర్ర సిలువ నిలబెట్టారు. పేరు లేదు.

తర్వాత ఆవిడ ఇంటికెళ్ళి చొక్కా తెచ్చింది. ఎర్ర గళ్ళ చొక్కా, ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంది. కాలర్ తిప్పితే నువ్వు వేసిన గుర్తే. నా చొక్కా కాలర్ తిప్పి చూపించాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఆవిడ నన్ను పట్టుకుని భోరుమంది. ఆవిడా బట్టలుతికే మనిషేనట. ఎప్పటికైనా ఈ గుర్తు ఎరిగినవాళ్ళు వస్తారని దాచిందట. అలాంటి మనిషి చేతిలోంచి చొక్కా లాక్కోబుద్ధి కాలేదు. అక్కడే వదిలేశాను. ఇంకా ఏవేవో చెప్పింది గానీ గోవా అతనికి సరిగ్గా అర్థం కాలేదు.

సమాధి మీది మన్ను ఉతికిన దిండు గలేబులో మూట కట్టాను. సెలవు మీద విశాఖపట్నం వస్తున్న మనిషితో పంపుతున్నాను. వనజ కొవ్వొత్తికి చోటు దొరికింది వదినా. ఇక నువ్వు నెమ్మదిగా ఉండు.

బర్నబా.


పలాస,
3 నవంబరు 2002.

బర్నబా,

మూట అందింది. ఇంట్లో దించుకోవడానికి చేతులు రాలేదు. ఒళ్ళో పెట్టుకుని గడప మీదే కూర్చుండిపోయాను. ఎండిన మన్ను, మన జీడితోటల మన్నులాగే ఎర్రగా ఉంది. వనజ వేలు పెట్టి చూసి "నాన్న ఇందులో ఉన్నాడా?" అంది. ఉన్నాడని చెప్పాను.

మూడేళ్ళూ సగం పెళ్ళాన్ని, సగం విధవని. పెళ్ళిళ్ళకి పిలవాలో మానాలో తెలియక జనం నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఏదో ఒకటి అయ్యాను. ఫ్యాక్టరీలో పప్పు పొర తీస్తూ తీస్తూ ఏడ్చేశాను. పక్కనున్న కాంతం నా గంపలోది కూడా తనే ఒలిచి పెట్టింది. ఏడుపు వచ్చినందుకు సంతోషంగా ఉంది. ఇంతకాలం దానికి కూడా చోటు లేకపోయింది.

ఒక్క మాట. చొక్కా గళ్ళు ఎర్రవేనా? ఇంకోసారి గుర్తు చేసుకుని రాయి. మీ అన్నయ్యకి గళ్ళ చొక్కా ఉండేదో లేదో ఈ పాడు మతికి తట్టడం లేదు. మనిషి ఎలా ఉన్నాడని ఆ అవ్వ చెప్పింది? అది నువ్వు రాయలేదు.

ఊళ్ళో మాట దాగుతుందా? పోలమ్మ టెక్కలిలో బస్సు మారి ఇక్కడికే వచ్చేసింది. నా చేతులు పట్టుకుని, "నీ పెనిమిటి దొరికినాడంట గదే తల్లీ. మంచిదే. మరి మావోడి గురించి ఏటైనా సెప్పినాడేటి మీ మరిది?" అని అడిగింది. ఏమీ రాయలేదన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదీ! నాను సెప్పలేదేటి? సచ్చినోళ్ళు ఒడ్డుకొచ్చీసినారు. మావోడు రాలేదంటే బతికున్నట్టే గదా!" అంది. అన్నం పెడితే కడుపునిండా తిని వెళ్ళింది.

వదిన.


ఓడ మీద నుంచి,
11 డిసెంబరు 2002.

వదినకు,

క్రిస్మస్ శుభములు. ఇక్కడ ఓడంతా దీపాలు. మాకు మాత్రం పండగంటే బల్లగుడ్డలు రెట్టింపు.

గళ్ళు ఎర్రవే. మనిషి గురించి అవ్వ ఏమీ చెప్పలేదు. నీళ్ళలో నానిన మనిషిని గురించి చెప్పడానికి ఏముంటుంది? ఈస్టరులోపు రాయి చెక్కించి పెట్టించు, ఆలస్యం చేయకు. పోలమ్మ పిన్ని అడిగితే బర్నబాకి ఏమీ తెలియదని చెప్పు.

చేతులకి సబ్బు పడక పగుళ్ళొచ్చాయి. ఎక్కువ రాయలేకపోతున్నాను.

బర్నబా.


పలాస,
16 ఫిబ్రవరి 2003.

బర్నబా,

సబ్బు పడలేదని రాశావు. అంతకు ముందు ఉత్తరం ఆరు పేజీలు రాసిన చేతులేగా అవి.

పోయిన ఆదివారం ఊళ్ళో మన్ను పాతిపెట్టాం. మీ అమ్మ పక్కనే చిన్న గుంట తీశారు. రాయి మీద 'అనిల్ కుమార్' అని చెక్కించాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పిలవకుండానే పోలమ్మ వచ్చింది. అందరూ మన్ను వేశాక తనే వంగి, చంటిపిల్లాణ్ణి జోకొట్టినట్టు అరచేత్తో ఆ మన్ను సర్దింది. సర్దుతూ పక్కవాళ్ళకి పాత కబురు చెప్పింది.

"ఆళ్ళిద్దరూ ఓడెక్కే ముందల, ఈ సుందరి ఆళ్ళాయన సొక్కాలికి గుర్తులెడతంటే మావోడివి కూడా అట్టుకెళ్ళినాను. ఆడికీ సిలవే ఎట్టేసినాది. 'ఓలమ్మీ, మా గుంటణ్ణి కిరస్తానంలో కలిపేసినావేటే' అని ఎంత నవ్వుకున్నామో!"

అందరూ నవ్వారు.

మరిదీ, నేను మరిచిపోయిన సంగతి కాదిది. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే గుర్తొచ్చింది. నల్లజీడి గింజ చేతిలో ఉంది, నాకు వచ్చిన గుర్తు అదొక్కటే, ఇద్దరివీ ఎలాగూ అన్నదమ్ముల్లా కలిపి తొడుక్కునేవాళ్ళేగా అని అన్నిటికీ అదే వేసేశాను. ఎర్ర గళ్ళ చొక్కా ఎవరిదో కూడా నాకు తెలుసు. పోలమ్మ టెక్కలి సంతలో కొని, రంగు పోతుందేమోనని ఉప్పునీళ్ళలో జాడించి తెచ్చింది. ఒకరిది ఒకరు వేసుకుని ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుండె ఎంత మోసకారిదో చూడు.

త్రినాథ్ కుడి చేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. కోటబొమ్మాళిలో కొత్తమ్మ తల్లి జాతరకి వెళ్ళి పొడిపించుకొచ్చి వాళ్ళమ్మ చేత చీపురుదెబ్బలు తిన్నాడు, నీకూ తెలుసు. ఆ అవ్వ చేతి గురించి ఏమైనా చెప్పిందా?

నా మీద జాలితో అబద్ధం రాయకు. నాకు సమాధి కావాలి బర్నబా. ఎంత కావాలో నీకు తెలుసు. కానీ ఇంకొక తల్లి కొడుకుని తెచ్చి నా మొగుడని పెట్టుకోలేను. ఈస్టరు దగ్గరకొస్తోంది. ఆ రాయి ముందు వనజ చేత కొవ్వొత్తి పెట్టించాలో వద్దో నువ్వే చెప్పాలి.

వదిన.


ఓడ మీద నుంచి,
18 మార్చి 2003.

వదినా,

తేలు ఉంది.

అవ్వ తన చేతి మీద వేలితో గీసి చూపించింది, కొండీతో సహా. గోవా అతనికి అంతా అర్థమైంది. నాకూ అర్థమైంది. నీకేం రాయాలా అని ఓడ చేరేదాకా ఆలోచించాను. వనజ కొవ్వొత్తి ఒక్కటే కళ్ళలో మెదిలింది.

ఇద్దరి చొక్కాలకీ ఒకే గుర్తన్న సంగతి నాకు తెలియదు వదినా. అప్పుడు నేను విశాఖపట్నంలో ఉన్నాను కదా. మనిషి త్రినాథే అయినా చొక్కా అన్నది అనుకున్నాను. చలికి వణుకుతుంటే అన్న విప్పి తొడిగి ఉంటాడని, అన్న చేసిన ఆఖరి పని అదేనని అనుకున్నాను. అన్న చొక్కా అయినా నేల చేరింది, అది తొడుక్కున్నవాణ్ణి పాతిన చోటు వదినకి సమాధి అయితే తప్పేముంది అనుకున్నాను. ఆ కథ నేనే అల్లుకుని నేనే నమ్మాను. ఇప్పుడు అదీ పోయింది.

అన్నది ఏదీ ఒడ్డుకి రాలేదు.

పోలమ్మ పిన్నికి చెప్పాలా వద్దా నాకు తెలియదు. చెబితే ఆవిడకి సమాధి దొరుకుతుంది, కొడుకు పోతాడు. చెప్పకపోతే నీకు సమాధి ఉంటుంది, ఆవిడకి కొడుకు ఉంటాడు. ఎవరికీ నష్టం లేదు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. నువ్వు ఏం చేసినా నేను నీ వెంటే.

బర్నబా.


పలాస,
26 ఏప్రిల్ 2003.

బర్నబా,

ఎవరికీ నష్టం లేదని రాశావు. నేనూ వారం రోజులు అదే మాట చప్పరించాను, తియ్యగానే ఉంది. కానీ అక్కడ పేరు లేకుండా పడుకున్నవాడికి నష్టం కదా. వాణ్ణి కన్నది ఉండగా నేనెవర్ని వాణ్ణి దాచుకోవడానికి?

గుడ్ ఫ్రైడే నాడు ఆరాధన అయ్యాక గుంట తవ్వి ఆ మన్ను తీశాను. అదే దిండు గలేబులో కట్టుకుని పోలమ్మ దగ్గరికి వెళ్ళాను. తోటలో జీడిపండ్లు ఏరుతోంది. మూట చేతిలో పెట్టి, "పిన్నీ, ఎర్ర గళ్ళ చొక్కా. చేతి మీద తేలు" అన్నాను.

పోలమ్మ ఏడవలేదు. మూట ముడి విప్పింది. గుప్పెడు తీసి వాసన చూసింది. "ఇది మీ ఆయన మన్ను గదేటే" అంది.

"కాదు పిన్నీ. మన త్రినాథ్‌ది."

"నాను సర్దినాను గదే. నా సేత్తోనే సర్దినాను." అరచేతులు తిప్పితిప్పి చూసుకుంది. "నా కొడుకని నా సేతికి తెల్లేదేటే?"

అప్పుడు పడిపోయింది బర్నబా. చెట్టు కింద ఏరిన పండ్ల మీదే పడిపోయింది. నేనూ పక్కనే కూలబడ్డాను. ఎంతసేపయిందో తెలియదు, నా మొహం తన వైపు తిప్పుకుని, "మరి నీకేటి మిగిలిందే తల్లీ?" అని అడిగింది. కొడుకు పోయిన గడియలో ఆ మనిషి అడిగిన మాట అది.

వాళ్ళవాళ్ళంతా వచ్చి భావనపాడు ఒడ్డున ఆ మన్ను గంగలో కలిపారు. కర్మ జరిపిస్తున్నారు. దీవిలోని సిలువ తీయించాలా అని అడిగితే పోలమ్మ వద్దంది. "ఇన్నేళ్ళూ ఆడి తలకాడ నిల్సున్నది అదొకటే. ఉండనీ" అంది. ఇప్పుడు ఆవిడ రెండు పూటలా తినడం మానేసింది. "ఎవుడు వొత్తాడని తినాల" అంటోంది. వీలైనప్పుడల్లా వెళ్ళి నేనే బతిమాలి పెడుతున్నాను. నిజం చెప్పి మంచి చేశానో చెడు చేశానో నాకు తెలియడం లేదు.

ఈస్టరు తెల్లవారుజామున వనజ కొవ్వొత్తి తీసుకుని సరాసరి రాయి దగ్గరికి నడిచింది. కింద ఏమీ లేదని దానికి ముందే చెప్పాను. "పేరుంది కదమ్మా" అని అక్కడే వెలిగించింది. సముద్రపు గాలి కొడుతోంది. వెనక నుంచి ఎవరో వచ్చి కొంగు అడ్డం పెట్టారు. చూస్తే పోలమ్మ. మైల మనిషిని, లోపలికి రాకూడదేమోనని గేటు దగ్గరే నిలబడి చూస్తోందట. కొవ్వొత్తి చివరిదాకా కాలేవరకూ కొంగు తీయలేదు.

మళ్ళీ ఆ దీవిలో ఆగితే సిలువ మీద వాడి పేరు రాయించు. చొక్కా అడిగి తీసుకురా, పోలమ్మకి కావాలి. మీ అన్నయ్య కోసం చేసేందుకు ఏమీ లేదు. ఆ నీళ్ళ మీదుగా పోయేటప్పుడు ఒక్కసారి పేరు పెట్టి పిలు. నేను అంత దూరం వచ్చి పిలవలేను కదా.

వదిన.


ఓడ మీద నుంచి,
29 మే 2003.

వదినకు,

నిన్న దీవిలో ఆగాం. ఈసారి బస్సెక్కలేదు, గోవా అతణ్ణి తోడు తీసుకుని నడిచే వెళ్ళాను. అవ్వ నన్ను చూడగానే గుర్తుపట్టింది. పేరు చెబితే రెండు మూడుసార్లు పలికి చూసుకుంది, "త్రినాత్, త్రినాత్" అని. రంగు, కుంచె తెచ్చింది. సిలువ మీద నేనే తెలుగులో రాశాను: 'త్రినాథ్, పోలమ్మ కొడుకు.' ఆ ఊళ్ళో ఆ అక్షరాలు చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అవ్వ వాటి మీద వేలు పెట్టి అమ్మ పేరు ఏదని అడిగి, అక్కడ పూలు పెట్టింది.

చొక్కా వాళ్ళమ్మకి కావాలని చెబితే అవ్వ ఇంటికెళ్ళి తెచ్చి ఇచ్చేసింది. వచ్చే నెల ఇంటికొచ్చేటప్పుడు నేనే తెస్తాను. ఉతకలేదు. ఉతకను.

గుట్ట మీదికి వెళ్ళి అన్నని పిలుద్దామనుకున్నాను. అక్కడ షికారు బస్సు జనం ఉన్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. తిరిగి వచ్చేసి డ్యూటీలో దిగాను.

సాయంత్రం ఓడ కదిలింది. ఇప్పుడు సరిగ్గా ఆ నీళ్ళలో ఉంటామని లెక్క చూసుకుని, మరలు ఆపకుండానే ఇస్త్రీ మర వెనక్కి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ముట్టని ఆ గోడకి రెండు చేతులూ ఆనించాను. చల్లగా ఉంది. అవతల నీళ్ళు రాసుకుంటూ పోవడం అరచేతులకి తెలుస్తోంది. పైన షికారుకొచ్చినవాళ్ళు ఎంతో ఎత్తున ఉన్నారు వదినా. ఈ ఓడలో అన్నకి దగ్గరగా ఉన్నది నేనొక్కణ్ణే.

"అన్నా, వదిన పిలవమంది" అన్నాను. మరల రొదలో నా గొంతు నాకే వినపడలేదు. గోడ మీద నుంచి చేతులు తీయాలనిపించలేదు. పక్క మర దగ్గరి మనిషి వచ్చి దుప్పట్లు మాడుతున్నాయని అరిచేదాకా పిలుస్తూనే ఉన్నాను.

నీ మరిది,
బర్నబా.